ఆకు మీది నూగు

అమరకోశంలోని వనౌషధి వర్గంలో దూలగొండి తీగకు అనేక పర్యాయపదాలు కనిపిస్తాయి. కండుర అంటే దురద పుట్టించేది. కపికచ్ఛువు అంటే కోతికి సైతం దురద కలిగించేది. శూకశింబి అంటే ముళ్ళవంటి నూగు గల కాయలు కాసేది. ఈ పేర్లన్నీ ఆ కాయను తాకినవారి బాధను బట్టి ఏర్పడినవి. అదే వరుసలో ఆత్మగుప్త అనే పేరు కూడా ఉంది. తనను తాను కాపాడుకొనేది అని దాని అర్థం. తక్కిన పేర్లు మానవుని వైపు నుంచి మొక్కను చూశాయి. ఈ ఒక్క పేరు మొక్క వైపు నుంచి మొక్కను చూసింది. ఆధునిక వృక్షశాస్త్రం మొక్కల నూగును గురించి చెప్పే విషయాలలో అధికభాగం ఈ రెండవ చూపుకు వ్యాఖ్యానమే.

మొక్కల మేనిపై పెరిగే సన్నని వెంట్రుకలను తెలుగువారు నూగు అంటారు. లేత బెండకాయను తడిమినప్పుడు చేతికి తగిలే గరుకుదనం నూగు వల్ల కలిగినదే. వరి నూర్పిళ్ళ వేళ ఒంటికి పట్టే దురదకు వడ్లపొట్టు మీది నూగు ఒక కారణం. టమాటా మొక్కల నడుమ పనిచేసినవారి వేళ్ళకు అంటే జిగురు, తులసి దళాన్ని నలిపినప్పుడు వెలువడే సువాసన, ఒంటి మీది నూలుబట్ట, అన్నీ నూగుతో ముడిపడినవే. వృక్షశాస్త్రంలో వీటిని కేశాలనీ, ట్రైకోమ్‌లనీ వ్యవహరిస్తారు. వెంట్రుకల పెరుగుదల అనే అర్థం గల గ్రీకు పదం నుంచి ఈ రెండవ పేరు వచ్చింది.

కంటికి ఆనీ ఆనని ఈ నూగును పెంచడానికి మొక్క తన ఆహారంలో కొంత భాగాన్ని వెచ్చిస్తుంది. ఆ ఖర్చుకు తగిన ప్రయోజనం లభించిన చోట నూగు నిలుస్తుంది, లభించని చోట తొలగిపోతుంది. ఈ జమాఖర్చుల లెక్కను గ్రహించడం శాస్త్రజ్ఞునికి ఎంత అవసరమో, పత్తి పండించే రైతుకు అంతకంటే ఎక్కువ అవసరం.

నూగు స్వరూపం

మొక్క శరీరాన్ని వెలుపలి నుంచి కప్పి ఉంచే కణాల పొరను బాహ్యచర్మం అంటారు. ఆ పొరలోని కొన్ని కణాలు మాత్రమే పైకి పొడుచుకొని వచ్చి కేశాలుగా రూపొందుతాయి. కొన్ని కేశాలు ఒకే కణంతో ఏర్పడతాయి. మరికొన్ని అనేక కణాలు ఒకదానిపై ఒకటి చేరగా ఏర్పడతాయి. కొన్ని సూదుల వలె నిటారుగా ఉంటే, కొన్ని కొక్కేల వలె వంగి ఉంటాయి. కొన్నింటికి కొమ్మలు ఉంటాయి. నక్షత్రాల వలె, పొలుసుల వలె, గొడుగుల వలె ఉండేవీ ఉన్నాయి. గులాబీ ముల్లు ఈ కోవలోనికి రాదు. దాని నిర్మాణంలో బాహ్యచర్మంతో పాటు లోపలి కణజాలం కూడా పాల్గొంటుంది.

పనిని బట్టి కేశాలను రెండు తెగలుగా విభజించవచ్చు. మొదటి తెగలోని కేశాలు తమ ఆకారంతోనే పని సాధిస్తాయి. రెండవ తెగకు గ్రంథికేశాలని పేరు. వీటి కొనన ఉన్న కణాలు నూనెలు, జిగుర్లు, విషాలు, పరిమళద్రవ్యాలు తయారుచేసి నిలవచేస్తాయి. ఒకే ఆకుపై ఈ రెండు తెగలూ పక్కపక్కన ఉండటం సర్వసాధారణం. టమాటా ఆకు ఇందుకు మంచి ఉదాహరణ.

ఈ సూక్ష్మప్రపంచాన్ని తొలినాళ్ళలోనే శ్రద్ధగా పరిశీలించినవాడు ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్. 1665లో ప్రకటించిన మైక్రోగ్రాఫియా అనే గ్రంథంలో ఆయన నెటిల్ అనే దురదమొక్కను గురించి ప్రత్యేకంగా వ్రాశాడు. దాని ముల్లు లోపల బోలుగా ఉంటుందనీ, అడుగున రసం నిండిన తిత్తి ఉంటుందనీ, ముల్లు చర్మంలో గుచ్చుకొన్నప్పుడు ఆ రసం పైకి ఎక్కుతుందనీ సూక్ష్మదర్శినితో చూసి గుర్తించాడు. కణం అనే భావనకు తొలిపేరు పెట్టిన గ్రంథంలోనే ఒక కేశం పనితీరు కూడా నమోదు కావడం విశేషం.

సూది, కొక్కెం, జిగురు

మొక్కకు కాళ్ళు లేవు. శత్రువు వచ్చినప్పుడు పారిపోవడం దానికి సాధ్యం కాదు. కనుక శత్రువు తన మీద కాలు మోపకుండా చూడటమే దాని నీతి. ఆకును కొరకవలసిన పురుగు ముందుగా ఆకుపై నిలదొక్కుకోవాలి, నడవాలి, నోటిని ఆకుకు ఆనించాలి, గుడ్లు పెట్టడానికి తావు వెతుక్కోవాలి. నూగు ఈ పనులన్నింటికీ అడ్డు తగులుతుంది. మనిషికి అది మెత్తని మఖమలు. ఆవగింజంత పురుగుకు అది దాటరాని ముళ్ళపొద.

నెటిల్ కేశం కొన ఇసుకలోని సిలికాతో నిర్మితమై గాజువలె పెళుసుగా ఉంటుంది. చేయి తగలగానే ఆ కొన ఏటవాలుగా విరిగి వైద్యుని సూదిమొన వలె తయారవుతుంది. హిస్టమిన్, ఎసిటైల్ కోలిన్, సెరటోనిన్ వంటి పదార్థాలు గల ద్రవం దానిగుండా చర్మంలోనికి చేరుతుంది. హిమాలయ ప్రాంతాలవారు ఇటువంటి మొక్కలను బిచ్ఛూ అని, అంటే తేలు అని పిలవడానికి కారణం ఇదే. ఆస్ట్రేలియా ఈశాన్యభాగపు అడవులలోని జింపీ జింపీ అనే మొక్క వీటన్నింటినీ మించినది. దాని కేశం గుచ్చుకొన్న బాధ వారాల తరబడి ఉండవచ్చు. ఆ కేశాలలోని విషపు ప్రోటీన్ల నిర్మాణం సాలెపురుగుల విషాన్ని, శంఖపు నత్తల విషాన్ని పోలి ఉందని 2020లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఏ బంధుత్వమూ లేని మొక్కా జంతువూ ఒకే ఉపాయాన్ని వేర్వేరుగా కనుగొన్నాయన్నమాట.

దూలగొండి మార్గం వేరు. దాని కాయలపై పట్టువలె మెరిసే నూగులో ముకునైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ప్రోటీన్లను ఛేదించే స్వభావం గలది. సాధారణంగా దద్దుర్లకు, దురదకు హిస్టమిన్ కారణం. దూలగొండి దురదకు హిస్టమిన్‌తో పనిలేదు. చర్మంలోని కొన్ని ప్రత్యేక గ్రాహకాలను ఈ ఎంజైమ్ నేరుగా ప్రేరేపిస్తుందని 2008లో నిరూపితమైంది. హిస్టమిన్‌ను అణచే మందులకు లొంగని దీర్ఘకాలపు దురదలను అర్థం చేసుకోవడానికి ఈ పరిశోధన దారి చూపింది. మొక్క తన గింజల రక్షణకు అమర్చుకొన్న ఆయుధం చర్మవ్యాధుల వైద్యునికి ఆ విధంగా పాఠం అయింది.

చిక్కుడు కుటుంబానికి చెందిన రాజ్మా ఆకులపై కొక్కేల వంటి కేశాలు ఉంటాయి. ఐరోపాలోని బాల్కన్ దేశాలలో పూర్వం గృహిణులు ఈ ఆకులను రాత్రివేళ మంచాల చుట్టూ పరిచేవారు. తెల్లవారేసరికి నల్లులు వాటిలో చిక్కుకొని ఉండేవి. అప్పుడు ఆకులను ఊడ్చి కాల్చివేసేవారు. కొక్కెం మొన నల్లి కాలిని గుచ్చి పట్టుకొంటుందని 2013లో అమెరికా శాస్త్రవేత్తలు వివరించారు. అదే ఆకారంలో వారు తయారుచేసిన కృత్రిమ కొక్కేలకు నల్లులు క్షణకాలం తగులుకొన్నాయి కాని, వాటి కాళ్ళలో అవి గుచ్చుకోలేదు. సహజమైన ఆకు చేసిన పనిని నకలు చేయలేకపోయింది.

గ్రంథికేశాల యుద్ధనీతి మరింత గూఢమైనది. బొలీవియా ప్రాంతపు ఒక అడవి బంగాళాదుంప ఆకులపై రెండు రకాల గ్రంథికేశాలు ఉంటాయి. పొడవైన కేశాలు ఎల్లప్పుడూ జిగురు స్రవిస్తూ పేనుబంక కాళ్ళను తడుపుతాయి. ఆ జిగురు నుంచి విడిపించుకోవడానికి పురుగు పెనుగులాడినప్పుడు పొట్టి కేశాల తలలు పగిలి వేరొక ద్రవం బయటికి వస్తుంది. గాలి తగలగానే అది నల్లబడి గట్టిపడుతుంది. కాళ్ళూ నోరూ అతుక్కుపోయిన పురుగు ఆకలితో చనిపోతుంది.

అమెరికా ఎడారులలోని ఒక అడవి పొగాకు పన్నిన వ్యూహం ఇంకా ఆశ్చర్యకరమైనది. దాని కేశాల కొనన తియ్యని చక్కెర సమ్మేళనాలు బిందువులుగా నిలిచి ఉంటాయి. అప్పుడే గుడ్డు నుంచి వెలువడిన లద్దెపురుగు తొలి భోజనంగా ఆ తీపిని ఆరగిస్తుంది. అది జీర్ణమైన తరువాత పురుగు మేని నుంచీ, దాని మలం నుంచీ ఒక ప్రత్యేకమైన వాసన వెలువడుతుంది. ఆ వాసన ఆనవాలుగా నేలమీది చీమలు వచ్చి పురుగును పట్టుకుపోతాయి. 2011లో ఈ సంగతి వెల్లడైంది. శత్రువుకు విందుపెట్టి, ఆ విందుతోనే అతని జాడను అతని శత్రువుకు తెలియజేసే ఈ నేర్పు పంచతంత్ర కథలకు తీసిపోదు.

పరిమళం, ఔషధం

తులసి, పుదీన, మరువం మొదలైన మొక్కల సువాసన వాటి గ్రంథికేశాలలో దాగి ఉంటుంది. ఆకును నలిపితే గ్రంథుల పైపొర చిట్లి లోపలి నూనె గాలిలో కలుస్తుంది. మొక్క ఆ నూనెను మానవుని ఆనందం కోసం తయారుచేయలేదు. పురుగులను, శిలీంధ్రాలను దూరంగా ఉంచడమే దాని పని. మానవుడు ఆ రక్షణ ద్రవ్యాన్నే పూజకూ, వంటకూ, వైద్యానికీ వినియోగించుకొంటున్నాడు.

వినాయక చవితినాటి పత్రిలో చేరే మాచిపత్రికి దగ్గరి బంధువైన ఒక మొక్క చైనాలో తరతరాలుగా జ్వరానికి ఔషధం. దాని శాస్త్రీయనామం ఆర్టిమీసియా ఆన్యువా. చైనా శాస్త్రవేత్త తూ యూయూ ప్రాచీన వైద్యగ్రంథాన్ని పరిశీలించి, ఆకులను మరిగిస్తే వాటి గుణం నశిస్తుందేమోనని ఊహించింది. తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఈథర్‌తో సారాన్ని తీసి 1971లో విజయం సాధించింది. మరుసటి ఏడాది ఆర్టిమిసినిన్ అనే పదార్థం శుద్ధరూపంలో లభించింది. మలేరియా చికిత్సలో లక్షల ప్రాణాలు నిలిపిన ఈ ఆవిష్కరణకు ఆమె 2015లో నోబెల్ బహుమతి అందుకొంది. ఆ మొక్క ఆర్టిమిసినిన్‌ను తయారుచేసే చోటు ఆకులపైనా, పూలపైనా ఉండే పదేసి కణాల చిన్న గ్రంథికేశం. ఆ పదార్థం మొక్కల పెరుగుదలకు సైతం హాని చేయగలది. అందుచేతనే మొక్క దానిని తన జీవకణాల నడుమ ఉంచుకోకుండా, గ్రంథి పైపొర కింద ఉన్న ఖాళీలో విడిగా భద్రపరుస్తుంది. విషాన్ని ఇంటి వెలుపలి కొట్టులో దాచే గృహస్థుని జాగ్రత్త వంటిదే ఇది.

ఎండకు గొడుగు, ఉప్పుకు వాకిలి

నూగు పని పురుగులతోనే ముగియదు. ఎండ, నీటి ఎద్దడి, ఉప్పు కూడా మొక్కకు శత్రువులే. అమెరికాలోని సొనోరా, మొహావీ ఎడారులలో పెరిగే ఎన్సీలియా అనే పొద ఆకులు వెండిపూత పూసినట్లు తెల్లగా ఉంటాయి. ఆ తెలుపు దట్టమైన నూగుదే. ఎండ ముదిరి నీరు కరవైన కొద్దీ అది వేసే కొత్త ఆకులపై నూగు మరింత చిక్కబడుతుంది. వెలుతురును తిప్పికొట్టడం వల్ల ఆకు చల్లగా ఉంటుంది, నీటి ఖర్చు తగ్గుతుంది. మిక్కిలి దట్టమైన నూగు గల ఆకులు తమపై పడిన దృశ్యకాంతిలో మూడో వంతును కూడా గ్రహించవు. అయితే ఆహారం తయారుచేయడానికి అవసరమైనదీ ఆ వెలుతురే. అంటే మొక్క ప్రాణం నిలుపుకోవడానికి పెరుగుదలను కొంత త్యాగం చేస్తున్నదని అర్థం. సముద్రతీరపు చల్లని గాలిలో పెరిగే మరొక ఎన్సీలియా జాతి ఆకులు నూగు లేక పచ్చగా ఉంటాయి. దానికి ఆ త్యాగంతో పనిలేదు. ఈ సంగతులను ఎలరింగర్ మొదలైన శాస్త్రవేత్తలు 1976 నుంచి వరుసగా నిరూపించారు.

అమెరికా ఖండాలలో చెట్లకొమ్మల నుంచి జడలుగా వేలాడే టిలాండ్సియా మొక్కలలో కేశాలు నోటి పని చేస్తాయి. వేళ్ళు నేలను తాకని ఈ మొక్క తన మేనిపై ఉండే పొలుసుల వంటి కేశాల ద్వారా మంచునూ వాననీటినీ పీల్చుకొంటుంది. గోదావరి సాగరసంగమం వద్ద కోరింగ అడవులలో పెరిగే మడచెట్లది ఇందుకు భిన్నమైన అవసరం. ఉప్పునీటిలో వేళ్ళూనిన ఆ చెట్లు అధికమైన ఉప్పును ఆకులపై ఉండే లవణగ్రంథుల ద్వారా వెలికి నెడతాయి. ఎండపూట ఆ ఆకులపై ఉప్పు పలుకులు మెరుస్తూ కనిపిస్తాయి. ఆ గ్రంథులు కూడా రూపాంతరం చెందిన కేశాలే.

కణం వెంట్రుకగా మారే తీరు

లేత ఆకు బాహ్యచర్మంలోని కణాలన్నీ మొదట ఒకే తీరున ఉంటాయి. వాటిలో ఏ కణం కేశం కావాలి, ఏది కాకూడదు అనే నిర్ణయం ఎలా జరుగుతుంది? ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క ఈ ప్రశ్నకు సమాధానం ఇచ్చింది. దాని ఆకుపై ఉండే కేశం ఏకకణ నిర్మితం. సాధారణంగా దానికి మూడు కొమ్మలు ఉంటాయి. నూగు లేకుండా పుట్టిన మొక్కలను పరిశీలించి, ఆ లోపానికి కారణమైన జన్యువును 1989లో వేరుచేశారు. దానికి గ్లాబ్రస్-1 అని పేరు. గ్లాబ్రస్ అంటే నున్ననిది.

ఈ జన్యువు నుంచి తయారయ్యే ప్రోటీన్ మరికొన్ని ప్రోటీన్లతో జతకూడి కణానికి కేశంగా మారమని ఆదేశం ఇస్తుంది. ఆ జట్టే వేరొక రకం చిన్న ప్రోటీన్లను కూడా పుట్టిస్తుంది. అవి పక్క కణాలలోనికి ప్రవహించి వాటిని కేశాలు కాకుండా వారిస్తాయి. తాను ఎదుగుతూ ఇరుగుపొరుగును ఆపే ఈ ఏర్పాటు వల్లనే ఆకుపై కేశాలు కుప్పలుగా మొలవక, నాటువేసిన పైరు వలె ఎడం పాటిస్తూ మొలుస్తాయి. ఎంపికైన కణం ఆ తరువాత విభజన చెందదు. తన కేంద్రకంలోని డి.ఎన్.ఏ.ను మాత్రం మాటిమాటికి రెట్టింపు చేసుకొంటూ, మామూలు కణంలో ఉండేదానికి సుమారు 16 రెట్లు సమకూర్చుకొని పెద్దదవుతుంది. వేళ్ళలో దాదాపు ఇదే జట్టు ఇందుకు విరుద్ధమైన తీర్పు ఇస్తుంది. అక్కడ అది పనిచేసిన కణం నున్నగా మిగులుతుంది, పనిచేయని కణం నీటిని పీల్చే మూలకేశంగా మారుతుంది.

ఈ నిర్ణయం పుట్టుకతోనే స్థిరపడిపోయేది కాదు. పురుగు కొరికినప్పుడు మొక్కలో జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది. దాని ప్రభావంతో కొత్తగా వచ్చే ఆకులపై నూగు దట్టమవుతుంది. మిములస్ అనే పసుపుపూల మొక్కలో ఈ హెచ్చరిక మరుసటి తరానికి కూడా అందుతుందని 2007లో తేలింది. తల్లిమొక్క ఆకులకు గాయమైతే, గాయం ఎరుగని సంతానం కూడా దట్టమైన నూగుతో పెరిగింది.

మానవుడు ధరించిన నూగు

లోకంలో అన్నింటికంటే ప్రసిద్ధమైన కేశం పత్తిపోగు. పత్తిపువ్వు విచ్చే రోజున లోపల గింజలు కాబోయే అండాల బాహ్యచర్మంలో సుమారు నాలుగో వంతు కణాలు పైకి ఉబ్బుతాయి. రెండు, మూడు వారాలపాటు అవి పొడవు పెరుగుతూనే ఉంటాయి. ఆ తరువాత కణకవచంలో సెల్యులోజ్ పొరలు పొరలుగా చేరుతుంది. మనదేశంలో విస్తారంగా సాగయ్యే పత్తిలో ఒక్కొక్క పోగు రెండున్నర, మూడు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అయినా అది ఒకే ఒక్క కణం. దాని పొడవు వెడల్పుకు వెయ్యి రెట్లకు మించి ఉంటుంది. కాయ పగిలి గాలి సోకగానే కణం ఎండి, అణగి, మెలికలు తిరుగుతుంది. ఆ మెలికల వల్లనే పోగులు ఒకదానినొకటి పెనవేసుకొని దారంగా సాగుతాయి. ప్రాణం పోయిన కణం మెలిక తిరగడమే నేతకు ఆధారం.

చాలా అడవి పత్తి జాతుల గింజలపై నూగు పొట్టిగా ఉంటుంది, వడకడానికి పనికిరాదు. మానవుడు పొడవైన పోగులు గల మొక్కలను తరతరాలుగా ఏరి విత్తడం వల్ల నేటి పత్తి రూపొందింది. ఈ ఎంపిక ఒకచోట జరగలేదు. ఆసియా, ఆఫ్రికాలలో రెండు జాతులనూ, అమెరికా ఖండాలలో రెండు జాతులనూ వేర్వేరు ప్రజలు వేర్వేరుగా మచ్చిక చేశారు. నేటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో ఒక రాగిపూసలో చిక్కి నిలిచిన పత్తిపోగులు క్రీస్తుపూర్వం ఆరవ సహస్రాబ్ది నాటివి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో దేశవాళీ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, శుభ్రపరచి వడికే పద్ధతి ఇరవయ్యొకటవ శతాబ్దంలోనూ సజీవంగా ఉంది. పొట్టిపోగు నుంచి సన్ననూలు తీయడం ఆ నేర్పు ఫలితం.

గింజ మీది పోగు, ఆకు మీది నూగు ఒకే వంశానికి చెందినవా అనే ప్రశ్నకు 2004లో సమాధానం లభించింది. దేశవాళీ పత్తి పోగులో పనిచేసే ఒక జన్యువును చైనా శాస్త్రవేత్తలు నూగులేని అరబిడాప్సిస్ మొక్కలో ప్రవేశపెట్టారు. ఆ మొక్క ఆకులపై తిరిగి నూగు మొలిచింది. అయితే టమాటా, పొగాకుల బహుకణ కేశాలు మరొక జన్యువ్యవస్థ అధీనంలో ఏర్పడతాయి. కనుక కేశం అనే ఉపాయాన్ని వృక్షజాతి ఒక్కసారి కాక పలుమార్లు కనిపెట్టిందని భావిస్తున్నారు.

నూగుకు చెల్లించే మూల్యం

నూగు ఇంత మేలు చేసేదైతే లోకంలోని మొక్కలన్నింటికీ దట్టమైన నూగు ఎందుకు లేదు? పరిణామశాస్త్రం దృష్టిలో ఇది కీలకమైన ప్రశ్న. దీనికి కాలిఫోర్నియాలోని ఒక ఉమ్మెత్త జాతి చక్కని సమాధానం చెబుతుంది. దానిలో రెండు రకాల మొక్కలు కలిసి పెరుగుతాయి. ఒక రకం ఆకులు జిగురుగా ఉంటాయి, మరొక రకం ఆకులు మఖమలు వలె ఉంటాయి. ఈ భేదానికి కారణం ఒకే ఒక జన్యువు. జిగురు మొక్కలను తెల్లదోమ వంటి అనేక పురుగులు సమీపించవు. దీనినిబట్టి మఖమలు మొక్కలు ఏనాడో అంతరించి ఉండవలసింది. కాని అవి అంతరించలేదు.

పరిశోధకులు పురుగులు లేకుండా చేసి రెండు రకాలనూ పెంచి చూశారు. జిగురు మొక్కలు తక్కువ విత్తనాలు ఇచ్చాయి. జిగురు తయారీకి వెచ్చించిన ఆహారం విత్తనాలకు అందకుండా పోయిందన్నమాట. అంతేకాక జిగురుపై సులభంగా నడవగల ఒక నల్లిజాతి పురుగు జిగురు మొక్కలనే ఏరుకొని రసం పీలుస్తుంది. ఒక శత్రువుకు వేసిన గోడ మరొక శత్రువుకు నిచ్చెన అయింది. పురుగులు ఎన్ని, అవి ఏ జాతివి అనే అంశాలు చోటును బట్టి, ఏడాదిని బట్టి మారుతూ ఉంటాయి. కనుక ప్రకృతి ఏ ఒక్క రకాన్నీ శాశ్వత విజేతగా నిలపక రెండింటినీ కాపాడుతూ వచ్చింది.

వ్యవసాయం ఈ వైవిధ్యాన్ని తగ్గించింది. పెరూ, ఈక్వడార్ ప్రాంతాల ఒక అడవి టమాటా గ్రంథికేశాలలో పురుగులను చంపగల ట్రైడెకనోన్ అనే పదార్థం ఉందని 1980లో కనుగొన్నారు. తోటలలో పండించే టమాటాలో ఆ శక్తి చాలావరకు క్షీణించింది. పండు పరిమాణానికీ, రుచికీ ప్రాధాన్యమిచ్చి మొక్కలను ఎంచుకొన్న మానవుడు ఆకుపై ఉన్న ఆయుధాన్ని గమనించలేదు. పోయిన ఆ ఆయుధానికి బదులుగానే పురుగుమందు డబ్బా తోటలోనికి వచ్చింది.

పొలంలో పరీక్ష

పత్తిపొలంలో ఈ లెక్క రైతు బ్రతుకుతో ముడిపడుతుంది. పచ్చదోమ అనే చిన్న పురుగు పత్తి ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. ఆకుల అంచులు పసుపుబారి, ఎర్రబడి, ముడుచుకొంటాయి. దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ పరిశోధన కేంద్రంలో పార్నెల్ అనే శాస్త్రవేత్త 1920 దశకంలో పచ్చదోమకు తట్టుకొనే పత్తి మొక్కలను ఏరి విత్తనం తయారుచేశాడు. అక్కడ పత్తిసాగు నిలదొక్కుకోవడానికి ఆ విత్తనం తోడ్పడింది. ఆ మొక్కల బలం వాటి ఆకుల నూగులో ఉంది. నూగు ఎంత దట్టంగా, ఎంత పొడవుగా ఉంటే పచ్చదోమ నోరు ఆనించడానికీ, ఈనెలలో గుడ్లు పెట్టడానికీ అంత కష్టపడుతుందని తదుపరి పరిశోధనలు వివరించాయి.

అంతమాత్రాన నూగు గల రకం సర్వత్రా శ్రేష్ఠమని చెప్పడానికి వీలులేదు. తెల్లదోమకు నూగు గల ఆకులంటే ఇష్టం. శనగపచ్చ పురుగు తల్లిరెక్కల పురుగు కూడా గుడ్లు జారిపోకుండా నిలిచే నూగు ఆకులనే ఎక్కువగా ఎంచుకొంటుంది. నూగు అధికమైన ఆకుల ముక్కలు పత్తికి అంటుకొని దాని నాణ్యతను, ధరను తగ్గిస్తాయి. నున్నని రకం వేస్తే పచ్చదోమ, నూగు రకం వేస్తే తెల్లదోమ అన్నట్లుగా ముందు నుయ్యి, వెనుక గొయ్యి వంటి స్థితి ఏర్పడుతుంది. మేలుచేసే పురుగులకు సైతం నూగు అడ్డం కావచ్చు. నెదర్లాండ్స్ గాజుగృహాలలో తెల్లదోమను అదుపు చేయడానికి వదిలిన చిన్న కందిరీగలు దోస ఆకుల నూగులో నడవలేకపోయాయి. నూగు సగానికి తగ్గిన సంకర దోసపై అవి చురుకుగా తిరగగలిగాయి. అక్కడి పరిష్కారం నూగు పూర్తిగా ఉండటమూ కాదు, పూర్తిగా లేకపోవడమూ కాదు. తగినంత ఉండటం.

1997-98లో వరంగల్లు ప్రాంతంలో పురుగు ఉధృతికి పత్తిపంట నాశనమై, మందులకు చేసిన అప్పులు తీర్చలేక ఎందరో రైతులు బలవన్మరణం పాలయ్యారు. 2002లో మన దేశంలో బి.టి. పత్తికి అనుమతి లభించింది. అది కాయతొలిచే పురుగులను ఉద్దేశించినది. రసం పీల్చే పచ్చదోమకు, తెల్లదోమకు అది ఆటంకం కాదు. ఆ పురుగుల విషయంలో ఆకు స్వభావం నేటికీ ప్రధానమే. కనుక విత్తనం కొనే రైతు దిగుబడిని గురించి, పోగు పొడవును గురించి అడిగినట్లే ఆకు నూగును గురించి కూడా అడిగి తెలుసుకోవలసి ఉంటుంది. తన ప్రాంతాన్ని ఏటా వేధించే పురుగు ఏదో గమనించి, దానికి తగిన నూగు గల రకాన్ని ఎంచుకొన్న రైతుకు ఒకటి రెండు పిచికారుల ఖర్చు తగ్గినా అది చిన్న లాభం కాదు.

మానవుడు మొక్కల నూగును దురదగా ద్వేషించాడు, దుస్తులుగా ప్రేమించాడు, పరిమళంగా పూజించాడు, ఔషధంగా సేవించాడు. ఈ నాలుగు చూపులలోనూ అతనికి కనిపించింది తన అవసరమే. మొక్క ఎవరి కోసం, ఎంత ఖర్చుతో ఆ నూగును ధరించిందో ఆలోచించనంత కాలం అతడు తెలియకనే దాని కవచాన్ని ఒలిచివేస్తూ, ఆ లోటును విషంతో పూడ్చుతూ వచ్చాడు. దూలగొండికి ఆత్మగుప్త అని పేరుపెట్టిన పూర్వుల దగ్గర సూక్ష్మదర్శిని లేదు. మొక్క వైపు నుంచి మొక్కను చూసే దృష్టి మాత్రం ఉంది. ఆ దృష్టికి సూక్ష్మదర్శిని తోడైతే పొలానికీ, పొలాన్ని నమ్ముకొన్న మనిషికీ మేలు కలుగుతుంది.

ప్రశ్నలు

1. దూలగొండికి గల పర్యాయపదాలలో ఆత్మగుప్త అనే పేరు ప్రత్యేకత ఏమిటి?
2. గ్రంథికేశాలు మొక్కలను రక్షించే విధానాన్ని రెండు ఉదాహరణలతో వివరించండి.
3. ఆకుపై కేశాలు ఎడం పాటిస్తూ మొలవడానికి కారణం ఏమిటి?
4. కాలిఫోర్నియా ఉమ్మెత్తలో రెండు రకాల మొక్కలూ నిలిచి ఉండటానికి గల కారణాలను చర్చించండి.
5. పత్తి రైతుకు ఆకు నూగును గురించిన పరిజ్ఞానం ఎందుకు అవసరమో పాఠం ఆధారంగా వ్యాసం వ్రాయండి.